రెండు కనెక్షన్లున్నా ఆఫీసులో నెట్ ఎందుకు పోతుంది?

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర సందర్భంగా విద్యుదాఘాతంతో ఐదుగురు మరణించారు. ఆ దుర్ఘటన తరువాత విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్ళను తొలగించే పనిని విద్యుత్ పంపిణీ సంస్థ నగరంలో వేగంగా చేపట్టింది. పర్యవసానంగా అనేక ప్రాంతాల్లో ఇళ్ళకూ ఆఫీసులకూ ఇంటర్నెట్ నిలిచిపోయింది, భారతీ ఎయిర్‌టెల్ హైకోర్టును ఆశ్రయించింది. ఈ వివాదంలో ఎవరిది న్యాయం అన్న చర్చ బాగానే జరిగింది కానీ, ఆఫీసు నెట్‌వర్కులు నడిపేవారిని పట్టుకున్న ప్రశ్న వేరు. రెండు కంపెనీల తీగలు ఒకే స్తంభం మీదుగా వచ్చే చోట, కత్తెర పడితే రెండూ తెగుతాయి. అలాంటప్పుడు నెలనెలా బిల్లు కడుతున్న రెండో కనెక్షన్‌ను బ్యాకప్ అనవచ్చా?

అనలేమన్నదే ఈ వ్యాసం చెప్పే సంగతి. రెండో లైను విలువ దాని వేగంలో ఉండదు, మొదటి లైనుతో కలిసి పడిపోకపోవడంలో ఉంటుంది. మాట చిన్నదే. దాన్ని ఆచరణలో పెట్టబోతే మాత్రం తీగ, కరెంటు, రౌటర్, ఐపీ చిరునామా, బ్యాంకు వెబ్‌సైట్ ఒక్కొక్కటీ ఒక్కో చిక్కు తెచ్చిపెడతాయి.

ఆఫీసు నుంచి ఇంటర్నెట్ దాకా ఉన్న దారి

ఒక మామూలు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఎలా వస్తుందో ముందు చూద్దాం. ఆఫీసు గోడకు బిగించిన చిన్న పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే కాంతిని అది మామూలు నెట్‌వర్క్ సంకేతంగా మారుస్తుంది. దానికి వచ్చే సన్నటి ఫైబర్ వీధిలోని స్ప్లిటర్ అనే పెట్టెలో మరో 31 లేదా 63 కనెక్షన్లతో కలిసి ఒకే పోగవుతుంది. ఆ పోగు ఆ ప్రాంతపు ఎక్స్‌ఛేంజ్‌లోనో, కేబుల్ ఆపరేటర్ గదిలోనో ఉన్న ఓఎల్‌టీ అనే యంత్రానికి చేరుతుంది. అక్కడి నుంచి నగరంలోని పెద్ద ఫైబర్ వలయాలు, ఆ తరువాత ఇతర నగరాలు, విదేశీ సైట్లయితే ముంబయి, చెన్నై తీరాల నుంచి సముద్రం కింది కేబుళ్ళు.

లీజ్‌డ్ లైన్, అంటే ఒక్క ఆఫీసు కోసమే అద్దెకిచ్చే ప్రత్యేక లైను, దారి కూడా దాదాపు ఇదే. తేడా ఏమిటంటే, అందులో స్ప్లిటర్ పంచుకోవడం ఉండదు; 50 ఎంబీపీఎస్ అని రాసిస్తే అప్‌లోడ్‌లోనూ డౌన్‌లోడ్‌లోనూ అంతా మీదే; తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో ఒప్పందంలో ఉంటుంది. అందుకే దాని ధర అదే వేగంతో వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు ఎన్నో రెట్లు.

ఇక మూడు మాటలు. మొదటి లైను పడిపోయినప్పుడు రెండోదానికి మారడం ఫెయిలోవర్. మొదటిది కోలుకున్నాక తిరిగి దానికి రావడం ఫెయిల్‌బ్యాక్. రెండు లైన్లనూ ఎప్పుడూ పనిలో పెట్టి రద్దీని పంచడం లోడ్ బ్యాలెన్సింగ్. అమ్మేవారు ఈ మూడింటినీ కలిపి ఒకే మాటగా చెప్పేస్తుంటారు గానీ, వీటి లక్షణాలు వేరు, వీటి వల్ల వచ్చే ఇబ్బందులూ వేరు.

రెండు లైన్లు ఎక్కడ ఒకటవుతాయి

పై దారిలో ప్రతి మజిలీ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవచ్చు: రెండో కనెక్షన్ కూడా ఇక్కడి నుంచే వస్తోందా?

భవనం లోపలే మొదలుపెడితే, కేబుళ్ళన్నీ పైకి వచ్చే షాఫ్టు ఒక్కటే ఉంటుంది. అక్కడ ఎలుక కొరికినా, వెల్డింగ్ నిప్పురవ్వ పడినా రెండూ పోతాయి. వీధిలో స్తంభం ఒక్కటే. మన ఊళ్ళలో ఇంకో తిరకాసు ఉంది. చివరి కిలోమీటరు పని చాలాచోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్ చేతిలో ఉంటుంది, ఆయనే రెండు మూడు కంపెనీలకు ఏజెంటు. బిల్లు మీద పేర్లు రెండు, రసీదు పుస్తకాలు రెండు, తీగ వచ్చేది మాత్రం ఒకే జాయింట్ బాక్స్ నుంచి. తెగినప్పుడు ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మెషిన్‌తో వచ్చే మనిషి కూడా ఒక్కడే.

ఈ దారిలో ఆఫీసుకు దూరంగా వెళ్ళేకొద్దీ ఉమ్మడి ప్రమాదాలు తగ్గుతాయి కానీ మాయం కావు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ సంస్థ నెట్‌వర్క్ కుప్పకూలింది. ఎక్కడా తీగ తెగలేదు. నిర్వహణ పనుల్లో భాగంగా చేసిన ఒక మార్పు కీలక రౌటర్లను ముంచేసింది. ఆ సంస్థ ఫైబర్‌నూ, ఆ సంస్థ మొబైల్‌నే బ్యాకప్‌గానూ పెట్టుకున్నవారికి రెండూ ఒకేసారి పోయాయి. దేశవ్యాప్త డెబిట్ చెల్లింపుల వ్యవస్థ ఇంటరాక్ కూడా ఆగింది. అక్కడ చిన్న వ్యాపారాలు నడిపే తెలుగువారూ ఆ రోజు కార్డు చెల్లింపుల దగ్గర ఆగిపోయి ఉంటారు. రోజర్స్ సిబ్బందిలో చాలామంది ఫోన్లూ అదే నెట్‌వర్క్‌లో ఉండటంతో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడమే కష్టమైంది. రెండు దారులున్నా యజమాని ఒక్కడైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా సమీపాన ఎస్‌ఎండబ్ల్యూ4, ఐఎంఈడబ్ల్యూఈ కేబుళ్ళు దెబ్బతిన్నప్పుడు భారత్ సహా పలు దేశాల్లో నెట్ నెమ్మదించింది. అలాంటి దెబ్బకు ఆఫీసు స్థాయిలో చేయగలిగింది తక్కువ. ఈ వ్యాసంలో దానిని ఇక పక్కన పెడదాం.

కాగితం మీద 26 నిమిషాలు, వీధిలో 30 గంటలు

ఒక లెక్క వేద్దాం. సికింద్రాబాద్‌లో పాతిక మంది పనిచేసే ఒక ఆడిటర్ ఆఫీసు ఉందనుకోండి. వాళ్ళ మొదటి లైను ఏడాదిలో 99.5 శాతం సమయం, రెండోది 99 శాతం సమయం పనిచేస్తాయనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. మొదటి లైను పనిచేయని సమయం అందులో 0.5 శాతం, అంటే సుమారు 44 గంటలు. రెండోది సుమారు 88 గంటలు. రెండింటికీ ఏ సంబంధమూ లేకపోతే, రెండూ ఒకేసారి పడిపోయే సమయం ఈ రెండు భాగాల లబ్ధం: 0.005ను 0.01తో గుణిస్తే 0.00005. గంటల్లోకి మారిస్తే 0.438, అంటే ఏడాది మొత్తానికి 26 నిమిషాలు.

అమ్మకపు కరపత్రాల్లో కనిపించే లెక్క ఇదే. ఇందులో 'ఏ సంబంధమూ లేకపోతే' అన్న షరతు మాత్రం కరపత్రంలో కనిపించదు. మొదటి లైను పనిచేయని 44 గంటల్లో 30 గంటలు స్తంభం మీది తీగ తెగడం వల్లనే వచ్చాయనీ, రెండో తీగ కూడా అదే స్తంభాల వరుసలో ఉందనీ అనుకుందాం. అప్పుడు ఆ 30 గంటలూ రెండూ పోతాయి. 26 నిమిషాల లెక్కలో మిగిలేది ఆ 30 గంటల ముందు ఏపాటిది? రెండో లైనును 99 నుంచి 99.9 శాతానికి మెరుగుపరిచినా ఈ 30 గంటల్లో ఒక్క నిమిషం తగ్గదు. దారి మారిస్తేనే తగ్గుతుంది.

స్తంభాల వివాదంలో రెండు వైపులా ఉన్న వాదనలకు ఇక్కడ సంబంధం ఉంది. విద్యుత్ సంస్థల వాదన ప్రకారం, మోయలేనంత బరువు స్తంభాల మీద పేరుకుంది. వాడకంలో లేని పాత కేబుళ్ళను ఎవరూ తీయరు. లైన్‌మన్ స్తంభం ఎక్కడానికే చోటు లేదు. ఫైబర్‌లోని గాజు పోగులో కరెంటు పారదన్నది నిజమే, అయితే దానిని మోసే ఉక్కు తీగలోనూ పాత కోయాక్సియల్ కేబుల్ రాగిలోనూ పారుతుంది. ఇంటర్నెట్ సంస్థలేమో తాము అనుమతి తీసుకుని అద్దె కడుతున్నామనీ, నోటీసు లేకుండా కోయడం వల్ల నష్టపోయేది వినియోగదారులేననీ, భూగర్భ మార్గాలు వేయాలంటే సమయమూ డబ్బూ కావాలనీ అంటాయి. రెండు వాదనల్లోనూ పస ఉంది. ఆఫీసు నడిపేవారికి మాత్రం తీర్పు ఎటు వచ్చినా ఒక సంగతి మారదు: స్తంభం మీది తీగ భవితవ్యం ఇంటర్నెట్ కంపెనీ ఒక్కదాని చేతిలో లేదు. భూగర్భ తీగకూ పొక్లెయిన్ గండం ఉంది. తవ్వకాలకు ముందు సమాచారం ఇచ్చేందుకు కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది అందుకే.

రెండో దారిగా గాలి: 5జీ, ఉపగ్రహం

తీగతో సంబంధం లేని దారి కావాలంటే వైర్‌లెస్ గుర్తుకొస్తుంది. 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో 5జీ ఆధారిత కనెక్షన్లు ఇస్తున్నాయి. మేడ మీద చిన్న యాంటెన్నా, కింద రౌటర్. వీధి స్తంభంతో పని లేదు. ఒక చిన్న ఆఫీసుకు ఇది చాలావరకు మంచి రెండో లైనే అని నా అంచనా. అలాగని దీనికి బలహీనతలు లేకపోలేదు. టవర్‌కు కూడా వెనక నుంచి ఫైబరే వెళ్తుంది. అదే ప్రాంతంలో పెద్ద తెగుదల జరిగితే టవరూ మూగపోవచ్చు. టవర్‌కు బ్యాటరీలూ డీజిల్ జనరేటరూ ఉంటాయి కానీ పెద్ద తుపానుల్లో అవీ సరిపోవు; 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు మొబైల్ సేవలు కూడా దెబ్బతిన్నాయి.

ఇంకొక ఉమ్మడి ప్రమాదం ప్రభుత్వ ఉత్తర్వు రూపంలో వస్తుంది. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో హింస చెలరేగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను కొన్ని రోజులు నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్న ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం ఊరు దాటి వెళ్ళాల్సి వచ్చింది. ఇలాంటి ఉత్తర్వు ముందు ఎన్ని కంపెనీల సిమ్‌లు ఉన్నా ఒకటే. మొబైల్ మీదే పూర్తిగా ఆధారపడవద్దనేవారికీ, తీగ మీదే ఆధారపడవద్దనేవారికీ చెరొక ఉదాహరణ ఉందన్నమాట. అందుకే ఒక తీగ, ఒక గాలి అన్న జోడీ ఎక్కువమందికి నచ్చుతోంది.

సిమ్ పెట్టే డాంగిల్ చాలదా అని అడిగేవారుంటారు. మళ్ళీ లెక్కే చూద్దాం. పాతిక మంది ఆఫీసు సగటున 40 ఎంబీపీఎస్ వాడుతోందనుకుంటే, అది సెకనుకు 5 మెగాబైట్లు. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్‌లో ఆ కోటా 400 సెకన్లలో, అంటే ఏడు నిమిషాలు నిండకుండానే అయిపోతుంది. తొమ్మిది గంటల పనిదినం మొత్తం అదే వేగంతో సాగితే 162 జీబీ కావాలి. అందువల్ల బ్యాకప్ నడుస్తున్నంత సేపూ సీసీటీవీ రికార్డులను క్లౌడ్‌కు పంపడం, విండోస్ అప్‌డేట్లు, ఫైళ్ళ బ్యాకప్ వంటివి ఆగేలా రౌటర్‌లో ముందే నియమం ఉంటే, ఒక్కోటి రెండు మూడు ఎంబీపీఎస్ తీసుకునే వీడియో కాల్స్ బతుకుతాయి.

ఉపగ్రహ దారి అన్నింటికంటే స్వతంత్రమైనది. పాత పద్ధతిలోని వీశాట్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ప్రశ్న పైకి వెళ్ళి కిందికి రావాలి, జవాబూ అలాగే రావాలి. అంటే 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో కూడా దాదాపు అర సెకను. బ్యాంకు ఏటీఎంలకు అది చాలు, వీడియో కాల్‌కు ఇబ్బంది. స్టార్‌లింక్ వంటి తక్కువ ఎత్తు ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల దగ్గర తిరుగుతాయి కనుక ఈ ఆలస్యం ఉండదు. ఆ సంస్థకు టెలికాం శాఖ 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చింది.

లైను పోయిందని రౌటర్‌కు ఎలా తెలుస్తుంది

తీగ మొత్తంగా తెగితే సమస్య సులువు. ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంది, అందరికీ అర్థమవుతుంది. కానీ రౌటర్ చూసేది ఆ లైటును కాదు. రౌటర్‌కూ ఓఎన్‌టీకీ మధ్య ఉన్న రాగి కేబుల్ చక్కగానే ఉంది కాబట్టి, దాని దృష్టిలో లైను బాగున్నట్టే. రెండు వాన్ పోర్టులు (బయటి లైన్లు తగిలించే చోట్లు) ఉన్న రౌటర్ కొని, రెండో తీగ పెట్టి, ఇక నిశ్చింత అనుకున్న చోట మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే.

అందుకని రౌటర్ ఎప్పటికప్పుడు బయటి చిరునామాకు పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపి జవాబు వస్తోందో లేదో చూడాలి. ఏ చిరునామాకు? కంపెనీ గేట్‌వేకు, అంటే మన లైను మొదట చేరే ఆ కంపెనీ యంత్రానికి, పంపితే, గేట్‌వే బతికే ఉండి దాని అవతల దారి పోయినప్పుడు మోసపోతుంది. అందుకే గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 వంటి చిరునామాలను వాడతారు; ఒకటి జవాబివ్వకపోయినా రెండోది ఇస్తే లైను ఉన్నట్టే లెక్క. ఐదు సెకన్లకోసారి పంపి, వరుసగా మూడు తప్పితే మారాలన్నది నియమమైతే, మారడానికి పదిహేను సెకన్ల దాకా పడుతుంది. ఈ వ్యవధిని మరీ తగ్గిస్తే చిన్నపాటి తడబాటుకు కూడా లైను మారిపోతుంది. మరీ పెంచితే జనం లేచి వచ్చి సర్వర్ గది తలుపు తడతారు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. మొదటి లైను ఆరోగ్యం చూసే పింగ్ మొదటి లైను గుండానే వెళ్ళాలని రౌటర్‌లో కట్టడి చేయాలి. ఆ కట్టడి లేకపోతే జరిగేది ఇది: మొదటి లైను పోతుంది, రౌటర్ రెండోదానికి మారుతుంది, ఇప్పుడు పింగ్ రెండో లైను గుండా వెళ్ళి జవాబు తెస్తుంది, అది చూసి రౌటర్ మొదటి లైను కోలుకుందనుకుని వెనక్కి వస్తుంది, మళ్ళీ నెట్ పోతుంది. ప్రతి పావు నిమిషానికీ అటూ ఇటూ. బయటి నుంచి చూసేవారికి రెండు లైన్లూ పాడైనట్టు కనిపిస్తుంది. ఫెయిల్‌బ్యాక్‌కు కూడా కాస్త ఓపిక అవసరం. మొదటి లైను ఐదు నిమిషాలపాటు నిలకడగా ఉంటేనే తిరిగి రావాలన్న నియమం చాలా రౌటర్లలో పెట్టవచ్చు.

సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ కూడా ఇలాంటి చిక్కే. కంప్యూటర్లలో మొదటి కంపెనీ డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామాను చేతితో ఎక్కించి ఉంటే, రెండో లైనుకు మారాక ఆ సర్వర్ పరాయి నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబు నిరాకరించవచ్చు. పింగ్ వెళ్తుంది, ఏ సైటూ తెరుచుకోదు.

లైను మారింది, పని ఎందుకు ఆగింది

ప్రతి కనెక్షన్‌కూ బయటి ప్రపంచంలో ఒక ఐపీ చిరునామా ఉంటుంది. లైను మారితే చిరునామా మారుతుంది. వెబ్ పేజీలు చూసేవారికి దీనితో పెద్ద తేడా రాదు. నెట్‌బ్యాంకింగ్‌లో ఉన్నవారిని మాత్రం భద్రత కోసం బ్యాంకు బయటికి పంపేస్తుంది; వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి) తెగి మళ్ళీ కట్టుకోవాలి; సగం ఎక్కిన ఫైలు చాలాసార్లు మొదటికొస్తుంది. మన ఆడిటర్ ఆఫీసుకు ఇంకో చిక్కు ఉంది. ఈ-ఇన్‌వాయిస్ వ్యవస్థతో సొంత సాఫ్ట్‌వేర్‌ను నేరుగా అనుసంధానించేవారు తమ స్థిర ఐపీలను ముందుగా నమోదు చేసుకోవాలి. రెండో లైను ఐపీ ఆ నమోదులో లేకపోతే, నెట్ ఉన్నా ఇన్‌వాయిస్ వెళ్ళదు. జీఎస్‌టీ రిటర్ను గడువు రోజున బ్యాకప్ ఉండీ ఇలా ఇరుక్కోవచ్చు.

బయటి నుంచి లోపలికి వచ్చే పనులైతే మరీ కష్టం. ఆఫీసులోని టాలీ సర్వర్‌కో, కెమెరాలకో బయటి నుంచి కనెక్ట్ అయ్యేవారు పాత చిరునామానే వెతుకుతుంటారు. పైగా 5జీ కనెక్షన్లలో చాలాచోట్ల సీజీనాట్ ఉంటుంది: వందలమంది ఒకే బయటి చిరునామాను పంచుకుంటారు, రౌటర్‌కు అందేది 100.64 నుంచి 100.127 దాకా ఉండే లోపలి చిరునామా. అలాంటి లైను మీద బయటికి వెళ్ళవచ్చు కానీ, బయటివారు నేరుగా లోపలికి రాలేరు.

పెద్ద సంస్థలు దీన్ని బీజీపీతో, అంటే ఏ చిరునామాకు ఏ దారిన రావాలో నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతితో, దాటుతాయి. సొంత చిరునామాల గుంపును దేశంలో ఐపీ చిరునామాలు కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ నుంచి పొంది, రెండు కంపెనీల ద్వారానూ దానిని ప్రకటిస్తాయి. ఏ లైను పోయినా చిరునామా మారదు. అయితే 256 చిరునామాల కంటే చిన్న గుంపును ఇంటర్నెట్‌లో సాధారణంగా ఎవరూ అంగీకరించరు, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల మీద ఈ సౌకర్యం ఇవ్వరు. పాతిక మంది ఆఫీసుకు ఇది తగిన మార్గం కాదు. వాళ్ళకు అందుబాటులో ఉన్న పద్ధతి, క్లౌడ్‌లోని ఒక సర్వర్‌కు రెండు లైన్ల నుంచీ సొరంగం లాంటి రక్షిత దారి వేసి, బయటివారికి ఆ సర్వర్ చిరునామానే చూపడం. ఎస్‌డీ-వాన్ పేరుతో అమ్మే సేవల్లో చాలావాటి లోపలి పని ఇదే. దానికి నెలనెలా ఇంకొక ఖర్చు, ఆ క్లౌడ్ సర్వర్ పడిపోతే అన్నీ పడిపోయే ఇంకొక ముడి.

ఖాళీగా ఉంచాలా, రోజూ వాడాలా

డబ్బు కట్టి లైనును ఊరికే ఉంచడం వృథా అనేవారి వాదనలో ఖర్చును మించిన బలం ఒకటుంది. వాడని లైను ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు. రీచార్జ్ గడువు తీరిన సిమ్, ఎవరో ప్లగ్గు పీకేసిన ఓఎన్‌టీ అవసరం వచ్చిన రోజునే బయటపడతాయి. రోజూ సగం రద్దీ మోసే లైనుకు ఆ గతి పట్టదు.

ఎదుటి వాదన లెక్కల మీద నిలబడుతుంది. 100 ఎంబీపీఎస్ లైన్లు రెండుంటే, 200 ఉన్నట్టు అలవాటు పడి ఒక్కోదాని మీద 70 వాడటం మొదలవుతుంది. ఒకటి పోయిన రోజున 140 వచ్చి 100 మీద పడుతుంది. అప్పుడు దాన్ని బ్యాకప్ అనలేం. ఒకే డౌన్‌లోడ్ రెండు లైన్లనూ కలిపి వాడుకోలేదు గనుక 200 అన్నదీ ఒక భ్రమే. ఒకే సైట్ సెషన్ సగం ఒక చిరునామా నుంచి, సగం ఇంకో చిరునామా నుంచి వెళ్తే బ్యాంకు సైట్లు గోల పెడతాయి. నాకు మధ్యేమార్గమే సబబుగా తోస్తుంది: బ్యాంకు, జీఎస్‌టీ, ఫోన్లు మొదటి లైనుకు కట్టి, కెమెరా రికార్డులూ అప్‌డేట్లూ రెండో లైను మీద నడిపితే, రెండోది సజీవంగా ఉందని రోజూ తెలుస్తూనే ఉంటుంది, ఆపద వేళ దాన్ని ఖాళీ చేయడమూ తేలికే.

ప్లగ్గు పీకి చూస్తే తెలిసేది ఎంత

ఎక్కువమంది మరిచేది కరెంటు. సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది. గోడకు బిగించిన ఓఎన్‌టీ 12 వోల్టుల అడాప్టర్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే రెండు లైన్ల పెట్టెలూ ఆరిపోతాయి. ఇంత పెద్ద ఏర్పాటు ఒక చిన్న అడాప్టర్ దగ్గర ఆగిపోవడం తరచూ చూస్తుంటాం.

పరీక్ష పేరుతో చాలామంది చేసేది రౌటర్ వాన్ పోర్టులోని కేబుల్ లాగడం. అప్పుడు రౌటర్‌కు వెంటనే తెలుస్తుంది, వెంటనే మారుతుంది. అందరూ సంతృప్తి పడతారు. అది అన్నింటికంటే తేలికైన వైఫల్యం. ఓఎన్‌టీ వెనక ఆకుపచ్చ తల ఉన్న ఫైబర్‌ను లాగితేనే పింగ్ నియమం పనిచేస్తోందో లేదో బయటపడుతుంది. అంతకంటే కఠినమైనది, ఫైబర్ ఉండి అవతల దారి పోయిన స్థితి. అవతలి రౌటర్‌లో దారి మూసి దాన్ని సృష్టించవచ్చు. ఈ మూడింటిలోనూ మారడానికి పట్టిన సెకన్లు వేర్వేరుగా ఉంటాయి. మారాక బ్రౌజర్ వెంటనే పనిచేస్తుంది గనుక అందరూ చూసేది దాన్నే. ఆలస్యంగా బయటపడేవి ఐపీ ఫోన్లు. అవి టెలిఫోన్ సర్వర్ దగ్గర పాత చిరునామాతో నమోదై ఉంటాయి, ఆ నమోదు గడువు తీరేదాకా బయటికి కాల్ వెళ్తున్నా లోపలికి రాకపోవచ్చు. గడువు గంట అని పెట్టి ఉంటే, ఆ గంటసేపూ క్లయింట్లకు ఆఫీసు ఫోను మోగుతున్నట్టే వినిపించవచ్చు, లోపల ఏ బల్ల మీదా ఫోను మోగదు.